అలవాటుకో చిట్టా పుస్తకం

జనవరి వచ్చిందంటే మన ఇళ్లకు డైరీలు వస్తాయి. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకటిస్తాడు, బ్యాంకులో తెలిసినాయన ఒకటిస్తాడు, మందుల షాపువాళ్లు ఒకటిస్తారు. ఒకటో తారీఖు పేజీ నిండుగా ఉంటుంది. 'ఈ ఏడాది నుంచి కోపం తగ్గించుకోవాలి, పొద్దున్నే లేవాలి, ఫోన్ తగ్గించాలి.' రెండో తారీఖు సగం పేజీ. భోగి నాటికి ఖాళీ. ఉగాదికల్లా ఆ డైరీ వంటింట్లోకి చేరి పాల ప్యాకెట్ల లెక్క, ఇస్త్రీ బట్టల లెక్క మోస్తూ ఉంటుంది.

నాకు చాలాకాలం అంతుపట్టని సంగతి ఇదే. సంకల్పాలు రాసుకున్న డైరీ పది రోజుల్లో ఆగిపోతుంది. అదే డైరీలో పాల లెక్క డిసెంబరు దాకా ఒక్క రోజు తప్పకుండా ఎలా సాగుతుంది? పాల లెక్కలో ఎవరూ మనసు విప్పరు. తమను తాము తిట్టుకోరు. వచ్చింది, రాలేదు, ఒకటి ఎక్కువ వచ్చింది, అంతే. పది సెకన్ల పని. నెలాఖరున కూడితే తేడా ఎక్కడొచ్చిందో తెలిసిపోతుంది. అలవాటును మార్చే రాత ఏదైనా ఉంటే అది ఈ పాల లెక్కకు దగ్గర చుట్టం అని ఇప్పుడు నా నమ్మకం. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

జర్నలింగ్ అన్న మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. కౌన్సెలర్లు, డైటీషియన్లు, ఆఫీసులకొచ్చి ఒత్తిడి మీద క్లాసులు చెప్పేవాళ్లు, అందరూ 'రోజూ రాయండి' అంటున్నారు. ఏం రాయాలని అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. తప్పు వాళ్లది కాదు. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు దూరి కూర్చున్నాయి. మనసులో బరువు దించుకోవడానికి రాసేది ఒకటి. జరిగింది జరిగినట్టు నమోదు చేసేది ఇంకొకటి. రేపు ఏం చేయాలో తేల్చి రాసుకునేది మూడోది. మూడింటి మీదా పరిశోధనలు జరిగాయి, మూడూ ఇచ్చే ఫలితాలు వేరు. మనలో చాలామంది మొదటిది చేస్తూ రెండోది ఇచ్చే ఫలితం కోసం ఎదురుచూస్తుంటాం. తలనొప్పి మాత్ర వేసుకుని జ్వరం తగ్గలేదేమని అడిగినట్టు.

బరువు దించే రాత

దీని కథ 1986లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగంతో మొదలవుతుంది. అప్పట్లో అమెరికాలో డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కలిసి కాలేజీ పిల్లలను కొన్ని గుంపులుగా విడదీశారు. కొందరు తమ జీవితంలో అన్నిటికన్నా బాధపెట్టిన సంఘటన గురించి రాయాలి. ఒక గుంపు మాత్రం ఇంట్లో గది ఎలా ఉంటుంది, కాళ్లకున్న బూట్లు ఎలా ఉన్నాయి లాంటి పొడి విషయాలు రాయాలి. రోజుకు 15 నిమిషాలు, వరసగా 4 రోజులు. బాధల గురించి రాసినవాళ్లు రాసిన వెంటనే తేలికపడలేదు సరికదా, ఇంకాస్త దిగులుపడ్డారు. కానీ తర్వాతి నెలల్లో తేడా కనిపించింది. జరిగిన సంగతిని, దానివల్ల తమకు కలిగిన భావాలను కలిపి రాసినవాళ్లు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది.

ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు వందల్లో జరిగాయి. 2006లో జోన్ ఫ్రాటరోలి అనే పరిశోధకురాలు 146 అధ్యయనాలను పోగేసి లెక్కగట్టారు. ప్రయోజనం ఉందని తేలింది, కానీ అది చిన్నదనీ తేలింది. అంతకన్నా మనం గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ ప్రయోగాలు ప్రధానంగా కొలిచింది ఆరోగ్యాన్ని, మనసు స్థితిని. రాసినవాళ్లు సిగరెట్ మానేశారా, పొద్దున్నే లేచారా అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు.

పెన్నెబేకర్ తర్వాత చేసిన పనిలో నాకు బాగా నచ్చింది మాటల లెక్క. జనం రాసినవన్నీ ముందేసుకుని ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగలేదు అని చూశారు. మొదటి రోజు కంటే చివరి రోజున కారణాన్ని వెతికే మాటలు, అర్థం చేసుకున్నట్టు తెలిపే మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. మన భాషలో చెప్పుకోవాలంటే 'ఎందుకంటే', 'అందువల్ల', 'ఇప్పుడర్థమైంది' లాంటివి. మొదటి రోజు ఎలా రాశారో నాలుగో రోజూ అలాగే రాసినవాళ్లకు పెద్దగా ఒరిగింది లేదు.

పాత డైరీలు ఉంటే ఒకసారి తీసి చూడండి. నాది 2019 నాటిదొకటి దొరికింది. మార్చిలో రాసిన ఫిర్యాదే ఆగస్టులోనూ ఉంది, నవంబరులోనూ ఉంది. మనుషులు వాళ్లే, మాటలు కూడా దాదాపు అవే. నెమరు వేయడానికీ జీర్ణం చేసుకోవడానికీ మధ్య తేడా పశువుకు తెలుసేమో గానీ, రాసేటప్పుడు నాకు తెలియలేదు. ఒకే గాయం గురించి ఒకే తీరున మూడోసారి రాస్తున్నామని అనిపిస్తే, ఆ పుస్తకం మూసేసి ఎవరితోనన్నా మాట్లాడటం మేలు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి

మన పెద్దవాళ్లు ఈ విషయంలో ఆశలు పెట్టుకోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్నారు. బుద్ధి సంగతి నేను చెప్పలేను గానీ, అలవాటు ఎక్కడ కాపురం ఉంటుందో మాత్రం పరిశోధకులు కొంత కనిపెట్టారు.

వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనాల్లో చేసిన పని కూడా ఒక రకంగా డైరీయే. గంట గంటకూ ఒక సంకేతం మోగుతుంది. ఆ క్షణాన ఏం చేస్తున్నారో, దేని గురించి ఆలోచిస్తున్నారో రాయాలి. లెక్క తీస్తే, జనం చేసే పనుల్లో దాదాపు 43 శాతం ఇంచుమించు రోజూ, సాధారణంగా అదే చోట, తరచుగా బుర్ర ఇంకెక్కడో ఉండగా జరిగిపోతున్నవి. అంటే అలవాటు మన గుణంలో ఎంతుందో మన గోడల్లో, గడియారంలో, పక్కనున్న మనుషుల్లో కూడా అంతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు అమెరికా దాకా వెళ్లే పని లేదు. కార్తీకంలో ఏ వీధిలోనైనా చూడవచ్చు. ఇరవై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్న మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు ముట్టడు. మందు లేదు, మాంసం లేదు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. 'నా వల్ల కాదు' అని ఏడాదంతా అన్నవాడే నిష్ఠగా చేస్తాడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. అందరూ అలాగే అని కాదు, చాలామంది అక్కడితో మానేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ వారంలోనే పాన్ డబ్బా దగ్గర కనిపించేవాళ్లు తక్కువేం కాదు. ఊళ్లో జోకులు కూడా పేలుతుంటాయి, సంకల్పబలం లేదని.

నాకైతే ఆ మాట పొరపాటనిపిస్తుంది. నికోటిన్ అందక శరీరం పడే యాతన మొదటి కొద్ది రోజుల్లో ముదిరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. 41వ రోజుకు శరీరం అడగడం దాదాపు ఆపేసి ఉంటుంది. దీక్షలో ఏం జరిగిందో చూడండి. బట్టలు మారాయి. పేరు మారింది, చిన్నాపెద్దా అందరూ 'స్వామీ' అనే పిలుస్తారు. నిద్ర లేచే వేళ మారింది. తిండి మారింది, సాయంత్రాలు పీఠం దగ్గర భజనలో గడుస్తున్నాయి, సావాసం మారింది. పాత అలవాటును లేపే కొక్కేలన్నీ ఒకేసారి ఊడిపోయాయి. మాల తీసిన రోజున అవన్నీ మళ్లీ తగులుకుంటాయి. అదే ప్యాంటు జేబు, అదే టీ బంకు, అదే 'ఏరా, ఒకటి వెలిగిద్దామా'.

ఇదే సంగతి 1970ల మొదట్లో అమెరికన్ సైనికుల్లో కూడా కనిపించింది. వియత్నాంలో ఉన్నప్పుడు మత్తుకు బానిసలయ్యామని చెప్పుకున్నవాళ్లు దాదాపు 20 శాతం. ఇంటికొచ్చాక వాళ్లేమయ్యారో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంటపడి చూశారు. అక్కడ బానిసలైనవాళ్లలో తొలి ఏడాదిలో మళ్లీ అందులోకి జారినవాళ్లు 5 శాతమే. వాళ్లకు చోటు మారింది. మాల తీసినాయనకు పాత చోటే తిరిగొచ్చింది.

చోటు మార్చుకోలేని మనకు మిగిలింది ఒకటే, ఆ కొక్కేలు ఎక్కడెక్కడున్నాయో కనుక్కోవడం. కాగితం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

చిట్టా, ఆవర్జా

తెనాలిలో మా తాతగారికి బియ్యం కొట్టు ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట వేసిన బారు పుస్తకాలు రెండు ఎప్పుడూ ఆయన పక్కన ఉండేవి. ఒకటి చిట్టా. పొద్దున్నుంచి జరిగిన బేరాలు జరిగిన వరసలో అందులో పడిపోయేవి. రెండోది ఆవర్జా. రాత్రి కొట్టు కట్టేశాక చిట్టాలోని పద్దులు తీసి ఎవరి పేజీకి వాళ్లవి ఎక్కించేవారు. చిట్టా చూస్తే ఆ రోజు సందడి తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆవర్జా తిప్పితే ఫలానా మేస్త్రి ప్రతి పున్నమికీ బాకీ పెడుతున్నాడనీ, ఫలానా హోటలాయన నెల నెలా కాస్త కాస్త మునుగుతున్నాడనీ కళ్లకు కట్టేది.

మన డైరీల లోపం నాకు అక్కడే దొరికింది. రాస్తే చిట్టా ఒక్కటే రాస్తాం. ఆవర్జాకు ఎక్కించం.

నా సొంత పద్దు చెబుతాను. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా రాత్రిళ్లు హోంవర్క్ దగ్గర దాని మీద అరిచేదాన్ని. అరవకూడదని తెలుసు. అరిచాక పడుకోబెట్టి తల నిమిరేదాన్ని. మర్నాడు మళ్లీ మామూలే. డైరీలో 'ఇవాళ కూడా అరిచాను, నేను మంచి తల్లిని కాను' అని రెండు నెలలు రాశాను. దానివల్ల ఏ మార్పూ రాలేదు, ఏడుపు తప్ప. చివరికి, ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని ఇంట్లో ఈ పనికి ఆ బుర్ర ఎందుకు వాడకూడదు అనిపించింది. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని గీతలు కొట్టాను. ఎన్నింటికి, ఎక్కడ, అంతకు పది నిమిషాల ముందు నేనేం చేస్తున్నాను, అప్పటికి భోజనం అయిందా, ఏ సబ్జెక్టు. అరిచిన ప్రతిసారీ ఒక వరస. ఒక్క వ్యాఖ్యానం ఉండకూడదని నియమం. మా అత్తగారు చూసి, "ఏంటమ్మా అది, పాల పద్దా?" అన్నారు. అవునన్నాను.

14 రోజుల్లో 11 పద్దులు పడ్డాయి. రెండో ఆదివారం కూర్చుని ఆవర్జాకెక్కించాను. అప్పటిదాకా నా గట్టి నమ్మకం లెక్కలే గొడవకు కారణమని. తీరా చూస్తే లెక్కలకు 4, హిందీకి 3, సైన్సుకు 2, తెలుగుకు 2. సబ్జెక్టుతో సంబంధమే లేదు. పదకొండింటిలో తొమ్మిది భోజనానికి ముందు జరిగాయి. ఎనిమిది పద్దుల్లో 'పది నిమిషాల ముందు' గడిలో ఒకే మాట ఉంది: 'ఆఫీసు గ్రూపు చూశాను'. అసలు అరవని రోజులు ఐదు. అందులో రెండు ఆదివారాలు. మిగతా మూడు రోజులూ ఫోన్ పడగ్గదిలో ఛార్జింగులో ఉంది.

నిజానికి ఇందులో కొత్త విషయమేమీ లేదు. ఎవరైనా చెప్పగలిగేదే. కానీ ఎవరైనా చెబితే నేను ఒప్పుకునేదాన్ని కాను. నా చేతిరాతలోనే కనిపించేసరికి వాదించడానికి ఏమీ మిగల్లేదు.

రాయడం వల్లే ప్రవర్తన కొంత మారుతుందన్నదానికి ఆధారాలు గట్టివే. 2008లో అమెరికాలో దాదాపు 1,700 మందితో జరిగిన బరువు తగ్గే కార్యక్రమంలో, రోజూ తిన్నది రాసిపెట్టినవాళ్లు అసలు రాయనివాళ్ల కంటే రెండింతల బరువు తగ్గారు. పట్టుదల ఉన్నవాళ్లే రాస్తారు, వాళ్లే తగ్గుతారు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 2016లో బెంజమిన్ హార్కిన్ బృందం వేసిన లెక్కలో ఉంది. జనాన్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా పంచి, ఒక గుంపును తమ పురోగతి గమనించుకోమన్న ప్రయోగాలు 138, అందులో పాల్గొన్నవాళ్లు దాదాపు 20,000 మంది. గమనించుకున్నవాళ్లు లక్ష్యాన్ని అందుకోవడంలో ముందున్నారు. మనసులో అనుకోవడం కంటే ఎక్కడో ఒకచోట నమోదు చేస్తే ఫలితం ఇంకా పెరిగింది.

ఈ విద్యలో అందరికన్నా పేరున్నవాడు 18వ శతాబ్దపు అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 13 మంచి గుణాలు ఎంచుకుని, ఒక్కో గుణానికి ఒక్కో పేజీ, పేజీలో వారానికి ఏడు నిలువు గడులు, తప్పు చేసిన రోజున నల్ల చుక్క. ఒక వారం ఒక గుణం మీదే గట్టిగా దృష్టి పెట్టాలి. 13 వారాల్లో ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. ఆయన స్వీయచరిత్రలోనే రాసుకున్నాడు, క్రమపద్ధతి అన్న గుణమే తనను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టిందని. పాత చుక్కలు గీకేసి కొత్తవి పెట్టడంతో పుస్తకానికి చిల్లులు పడ్డాయట. అందుకని పట్టికలను దంతపు రేకుల మీదికి మార్చి, పెన్సిలు చుక్కలను తడి స్పాంజితో తుడిచేసేవాడు. అంత తెలివైనవాడిని విమర్శించడం సాహసమే గానీ, మా తాతగారైతే పాత పద్దులు తుడిచేస్తున్నాడని తెలిసి గుండె పట్టుకునేవారు. చుక్కలో 'ఎన్నిసార్లు' ఉంది. 'ఎప్పుడు, దేని తర్వాత' లేదు. ఉన్నదాన్ని కూడా తుడిచేస్తే కూడికకు ఏం మిగులుతుంది?

వచ్చినవి, చేసినవి

రాస్తున్నప్పుడు మన భాష గురించి ఒక సంగతి బయటపడింది. దీన్ని కాస్త సాగదీస్తాను, క్షమించాలి.

నా మొదటి వారం పద్దులు ఇలా ఉన్నాయి: 'కోపం వచ్చింది', 'నోరు జారింది', 'సహనం పోయింది', 'చెయ్యి లేచింది'. చదివితే ఎవరెవరో మా ఇంటికి వచ్చి, ఎవరెవరో వెళ్లిపోయి, మధ్యలో నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టుంది. తెలుగులో మనకు ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది, గుర్తు వస్తుంది, విసుగు పుడుతుంది. ఇవన్నీ మనకు జరిగేవి. వ్యాకరణమే మనల్ని కర్తగా ఉంచకుండా 'నాకు' అని పక్కన కూర్చోబెడుతుంది. మనసు విషయంలో ఇది నిజం కూడా. కోపాన్ని ఎవరూ పిలిచి తెచ్చుకోరు. చిక్కల్లా చేతల్ని కూడా అదే పద్ధతిలో చెప్పేసుకోవడంతో వస్తుంది. నోరు దానంతటది జారదు.

అందుకని పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమ వైపు వచ్చినవి: కోపం, ఆకలి, మేనేజరు మెసేజ్, తలనొప్పి. కుడి వైపు చేసినవి: అరిచాను, పుస్తకం విసిరాను, లేచి వెళ్లిపోయాను. కుడి వైపు ప్రతి మాటా '-ను'తోనే ముగియాలి. ఎడమ వైపు వాటికి నేను బాధ్యురాలిని కాను కాబట్టి అక్కడ తిట్టుకునే పని లేదు. కుడి వైపు వాటికి సాకు లేదు. అలవాటు అనేది ఆ గీతను దాటే దారి. ఒకే ఎడమ వైపు మాటకు ఎదురుగా ఒకే కుడి వైపు మాట పదే పదే కనిపిస్తే, ఆ దారి బాగా నలిగిందన్నమాట.

తిట్టుకునే అలవాటున్నవాళ్లకు ఈ గీత చాలా మేలు చేస్తుంది. తిట్టుకోవడం శిక్ష అనుభవించినట్టు ఉంటుంది. శిక్ష అయిపోయింది కాబట్టి లెక్క సరిపోయిందనిపిస్తుంది. రెండు నెలలు నేను చేసింది అదే.

ఒక్క వాక్యం చాలు

పద్దు తెలిశాక నిర్ణయం రాసుకోవాలి. ఇక్కడ 'ఇకమీదట ఓపికగా ఉంటాను' అని రాస్తే మళ్లీ జనవరి ఒకటో తారీఖు డైరీకే వచ్చినట్టు. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వాక్య నిర్మాణం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. 'ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను' అన్న రూపంలో రాసుకుంటే, ఉత్త కోరికగా రాసుకున్న దానికంటే నెరవేరే అవకాశం బాగా ఎక్కువ. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 వేర్వేరు పరీక్షల ఫలితాలను చూసి ఈ మాట చెప్పారు. మధ్యస్థం నుంచి పెద్ద స్థాయి ప్రభావం, ఈ రంగంలో అది తక్కువ మాట కాదు. కిటుకు ఏమిటంటే, పాత అలవాటును లేపే కొక్కేనికే కొత్త పనిని తగిలిస్తున్నాం. ఆ క్షణంలో ఆలోచించే పని ఉండదు.

నేను రాసుకున్నది: 'హోంవర్క్ పుస్తకం తెరిచినప్పుడు ఫోన్ ఫ్రిజ్ మీద పెడతాను.' మొదటి వారం మూడుసార్లు విఫలమైంది. ఫోన్ ఫ్రిజ్ మీద మోగితే లేచి వెళ్లి తీశాను. తర్వాత వాక్యాన్ని దిద్దాను: 'హోంవర్క్ పుస్తకం తెరిచినప్పుడు ఫోన్ అత్తయ్య గదిలో ఇస్తాను.' ఇది పనిచేసింది. ఒకరోజు ఆవిడే వచ్చి, "ఎవరో మీ ఆఫీసాయనట, రెండుసార్లు చేశాడు. భోంచేస్తోంది, తర్వాత చెయ్యి నాయనా అన్నాను," అన్నారు. ఆ మేనేజరు మళ్లీ ఆ వేళప్పుడు చేయలేదు. ఇంకో వాక్యం అన్నం ముందు, హోంవర్క్ తర్వాత అని. తర్వాతి 14 రోజుల్లో 4 పద్దులు. అందులో రెండు నిజంగానే లెక్కల దగ్గర. భిన్నాలు.

ఎన్ని రోజులు రాయాలి? 21 రోజులని అందరూ అంటారు. ఆ అంకె మూలాల్లోకి వెళితే, 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తేలతాడు. కొత్త ముఖానికి అలవాటుపడటానికి తన పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ఆ 'కనీసం' దారిలో ఎక్కడో రాలిపోయింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన దాంట్లో, కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టిన మధ్యస్థ కాలం 66 రోజులు. మనిషిని బట్టీ, పనిని బట్టీ అది 18 నుంచి 254 దాకా మారింది (12 వారాలు దాటినవి లెక్కగట్టి వేసిన అంచనాలు). రోజూ ఒక గ్లాసు నీళ్లు తాగడం తొందరగా కుదిరింది, వ్యాయామం ఆలస్యంగా కుదిరింది. ఒక రోజు తప్పినా కొంప మునగదన్నది కూడా అందులోనే తేలింది. భోగి నాడు డైరీ ఖాళీగా ఉంటే కనుమ నాడు మళ్లీ మొదలుపెట్టవచ్చు. మనం పెట్టం, తప్పిపోయిందిలే అని పక్కన పడేస్తాం.

కాగితానికి చేతకానివి

రోజూ బాగా తాగే మనిషి పుస్తకంలో తేదీ వేసుకుని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ పని డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. రాస్తుంటే చచ్చిపోవాలన్న ఆలోచనలు పేజీల్లోకి వస్తుంటే అది డైరీతో తేలేది కాదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక రహస్యం సంగతి. మన ఇళ్లలో తలుపు గడియ పెట్టుకుంటేనే ఏమైందని అడుగుతారు. డైరీకి తాళం ఎక్కడ? పాల లెక్కలా రాయడంలో ఉన్న ఇంకో సుఖం ఇదే. 'అ' అంటే అరవడం, 'ఫో' అంటే ఫోన్ అని నాకు తెలిస్తే చాలు. మనసు విప్పి రాసుకున్న పేజీలను మాత్రం రాశాక చించేయవచ్చు. రాయడంతోనే దాని పని అయిపోతుంది, దాచుకుంటేనే ఫలితమని ఏమీ లేదు.

ఒక్కోసారి మాత్రం ఎవరో ఒకరు చదవడమే మందు. గాంధీగారికి పదిహేనేళ్లప్పుడు, అన్నకున్న 25 రూపాయల బాకీ తీర్చడానికి ఆ అన్న చేతి కడియంలోంచే కాస్త బంగారం తీశాడు. బాకీ తీరింది గానీ మనసు ఊరుకోలేదు. నోటితో చెప్పే ధైర్యం లేదు. చీటీ రాశాడు. తప్పు ఒప్పుకుని, శిక్ష వేయమని కోరి, ఇంకెప్పుడూ దొంగతనం చేయనని మాటిచ్చి, జబ్బుతో మంచంలో ఉన్న తండ్రి చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తండ్రి లేచి కూర్చుని చదివాడు. కన్నీళ్లకు కాగితం తడిసింది. కాసేపు కళ్లు మూసుకుని, తర్వాత ఆ చీటీ చించేశాడు. ఇందాకటి 2016 లెక్కలో మరో ముక్క ఉంది: నమోదు చేసింది ఇంకొకరికి తెలిస్తే ఫలితం పెరుగుతుందని. ఆ ఇంకొకరు ఎవరన్నది మాత్రం ఏ లెక్కా చెప్పలేదు. తిట్టేవాళ్ల చేతికిచ్చే కంటే ఎవరికీ ఇవ్వకపోవడం నయం.

నా నోట్‌బుక్ ఇంకా ఉంది. అరుపుల పేజీకి అడుగున గీత కొట్టి, తాతగారిలా 'ముగింపు నిల్వ' అని వేశాను. సున్నా అయితే కాదు. ఈ సోమవారం కొత్త పేజీ తెరిచాను, 'రాత్రి పదకొండు దాటాక ఫోన్'. నాలుగు రోజులకు ఐదు పద్దులు పడ్డాయి. ముందు గడిలో మూడుసార్లు 'అలారం పెడదామని తీశాను' అని ఉంది. ఇంకా ఆవర్జాకెక్కించలేదు గానీ, బజారుకెళ్లినప్పుడు ఒక అలారం గడియారం చూసొచ్చాను.